మిర్చి కల్లంలో ఫోన్ కెమెరా: ఒక సీజన్ ఫోటోల కేస్ స్టడీ

2025 ఫిబ్రవరి రెండో వారం. పల్నాడులో మా బాబాయి కల్లం మీద రెండో కోత కాయ ఆరబోసి ఉంది. పొద్దుటి ఎండ ఇంకా ఏటవాలుగానే పడుతోంది. ట్రాక్టర్ ట్రక్కు ఎక్కి పై నుంచి ఫోటో తీశాను. నేల కనపడనంత ఎరుపు, మధ్యలో తెల్ల పంచె కట్టుకున్న బాబాయి వంగి కాయ తిరగేస్తున్నాడు. సాయంత్రం మా రైతుల గ్రూపు ఫేస్‌బుక్ పేజీలో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రాత్రి పడుకునే లోపే మా పేజీలో అన్నిటికంటే ఎక్కువ మంది చూసిన ఫోటో అదే అయింది. "ఎర్ర తివాచీ పరిచినట్టుంది", "ఎంత అందమో", "ఈసారి రైతుకు పండగే" అని కామెంట్లు.

ఆ మధ్యాహ్నమే గుంటూరు మిర్చి యార్డు నుంచి బాబాయి మొదటి కోత పట్టీ, అంటే అమ్మకం లెక్క కాగితం, వచ్చింది. తేజ రకం, క్వింటా 11 వేల దగ్గర. రెండేళ్ల కిందట అదే చేలో కాయ అదే యార్డులో 20 వేలు దాటి అమ్మాడు. రాత్రి భోజనాలయ్యాక కామెంట్లు చదివి వినిపించాను. "పండగంటనా? ఎవరమ్మా వీళ్లు?" అన్నాడు. కోపంతో అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఫోటో తీసింది నేను. చూసినవాళ్ల తప్పేమీ లేదు. ఎరుపు చూపించాను, ఎరుపు గురించే మాట్లాడారు. సీజన్‌లో మిగిలిన మూడు నెలలు ఫోటోలు తీసే పద్ధతి ఎలా మార్చుకున్నామో, ఏది పనిచేసిందో, ఎక్కడ మనుషులకు నష్టం చేశామో ఇక్కడ రాస్తున్నాను. వ్యవసాయం గురించి పేజీలు నడిపేవాళ్లకు, రైతు సంఘాల్లో ఫోన్ పట్టుకుని తిరిగే కుర్రాళ్లకు పనికొస్తుందని.

మా గ్రూపు, మా పంట

మేం పదకొండు కుటుంబాలం. కొందరికి సొంత పొలం, ఎక్కువమందిది కౌలు. నల్లరేగడి నేలలు, సాగర్ కుడి కాలువ నీళ్లు. నేను వ్యవసాయం చదివి ఊళ్లోనే ఉండిపోయినదాన్ని. లెక్కలు రాయడం, మందుల పిచికారీ తేదీలు గుర్తు చేయడం, పేజీ నడపడం నా పని.

ఫోన్ ఫోటోకి ఎంత బలముందో నాకు తెలిసింది 2021 చివర్లో. ఆ ఏడాది గుంటూరు, పల్నాడు ప్రాంతం నుంచి ఖమ్మం దాకా నల్ల తామర పురుగు మిర్చి పూతను తినేసింది. అంతకు ముందు మాకు తెలిసిన తామర పురుగు ఆకు కింద ఉండేది. ఇది పువ్వులో దూరింది. రైతులు పువ్వులు చిదిమి అరచేతిలో పెట్టుకుని దగ్గరగా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లు. ఆ ఫోటోలు గుంటూరు దగ్గర లాంలోని పరిశోధనా కేంద్రం వాళ్లకీ, వ్యవసాయ సిబ్బందికీ చేరేవి. పురుగేమిటో, నీలి రంగు జిగురు అట్టలు ఎక్కడ పెట్టాలో తిరిగి మాకు తెలిసేది. ఆ ఫోటోలు ఎవరూ అందం కోసం తీసినవి కావు. అరచేతి గీతల మధ్య నల్లటి చుక్కలు, అంతే. అయినా చూసినవాడికి ఏం చేయాలో తెలిసేది. ఆ సంగతి నేనే మర్చిపోయి, 2025లో ట్రాక్టర్ ఎక్కాను.

మిర్చి ఖర్చు తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. జులై, ఆగస్టులో నారు పోసి, ఆగస్టు, సెప్టెంబరులో నాటుతాం. డిసెంబరు, జనవరి నుంచి కోతలు. ఏప్రిల్ దాకా రెండు మూడు కోతలు. కౌలు కలిపితే లక్షన్నర దాటని ఎకరం మా గ్రూపులో ఒక్కటీ లేదు. అందులో పెద్ద ముక్క మందులది, కోత కూలీది. కోసిన పండుకాయ 100 కిలోలు ఎండితే చేతికొచ్చేది 25 నుంచి 35 కిలోలే. ఎండేటప్పుడు వాన పడినా, మంచు ఎక్కువైనా కాయ రంగు పోతుంది. తెల్లబడిన కాయను తాలుకాయ అంటాం. దానికి మంచి కాయ ధరలో సగం రావడం కూడా కష్టం. కల్లం మీద కూర్చుని కూలీలు తాలు ఏరతారు, ఆ ఏరుడుకు మళ్లీ కూలి. ఇదంతా పై నుంచి తీసిన ఎర్ర ఫోటోలో ఎక్కడుంది?

చెప్పులు, అడుగులు

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మహారాష్ట్ర రైతుల నడక. 2018 మార్చి 6న నాసిక్‌లో బయలుదేరి, దాదాపు 180 కిలోమీటర్లు నడిచి ముంబై చేరారు. పగిలి, చర్మం ఊడిన పాదాల ఫోటోలు దేశమంతా తిరిగాయి. ముంబై జనం చెప్పులు తెచ్చి ఇచ్చారు, తిండి పెట్టారు, నీళ్లు ఇచ్చారు. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ గమనించండి, పాదాలు కనపడ్డాయి కాబట్టి చెప్పులు వచ్చాయి. అటవీ భూముల హక్కులు, రుణమాఫీ మీద ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చిందంటే, నడిచినవాళ్ల దగ్గర డిమాండ్లు రాసిన కాగితం ఉండబట్టే.

ఫోటోలో ఏముందో జనం దానికే జవాబిస్తారు. అందం చూపిస్తే మెచ్చుకుంటారు. కన్నీళ్లు చూపిస్తే అయ్యో అంటారు. ధర గురించి మాట్లాడాలంటే ధర ఫోటోలో ఉండాలి. మా గ్రూపు మీటింగ్‌లో ఈ మాట చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "అయితే పట్టీకే ఫోటో తియ్" అన్నాడు. అక్కడి నుంచి మొదలుపెట్టాం.

పట్టీ ఫోటో

పట్టీ అంటే యార్డులో సరుకు అమ్మాక కమీషన్ దుకాణం ఇచ్చే లెక్క కాగితం. ఎన్ని టిక్కీలు (కాయ బస్తాలు), ఎంత బరువు, ఏ ధర, అందులో కమీషన్, హమాలీ, కాటా ఖర్చు ఎంత పోయింది, చివరికి ఎంత మిగిలింది, అన్నీ ఉంటాయి. రైతు పేరు, దుకాణం పేరు కాగితం ముక్కతో కప్పి, పట్టీని కల్లం మీద ఎండుకాయల పక్కన పెట్టి తీశాం. కింద నాలుగు వాక్యాలు రాశాం: ఏ తేదీన అమ్మాం, ఏ రకం, ఎన్ని కిలోలు, ఎకరానికి మా ఖర్చు ఎంత.

లైకులు చాలా తక్కువ వచ్చాయి. ఎర్ర తివాచీ ఫోటోతో పోలికే లేదు. కానీ కామెంట్లు చదివితే మనసు కుదుటపడింది. "కాటా ఖర్చు రైతు ఎందుకు కట్టాలి?" "తాలు అంటే ఏమిటి?" "మేం కారం కొనే ధరకీ దీనికీ ఇంత తేడా ఎందుకు?" పొలం మొహం చూడని వాళ్లు అడిగిన ప్రశ్నలవి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కొత్త ఫోటో జవాబుగా పెట్టడం అప్పటి నుంచే అలవాటైంది. ఏ ఫోటో తీయాలా అని నేను ఆలోచించే పని తప్పింది. చూసేవాళ్లే చెబుతున్నారు.

తాలు అంటే ఏమిటి అన్నదానికి తీసిన ఫోటో మా అందరికీ ఇష్టమైంది. స్టీలు పళ్లెంలో సగం మంచి కాయ, సగం తాలుకాయ. పళ్లెం వెనకాల తాలు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ల చేతులు. ఆరబెట్టడం గురించి అడిగినప్పుడు ఒకే బుట్టను రెండుసార్లు తీశాం: కోసిన రోజు నిండుగా పండుకాయతో ఒకటి, అదే కాయ ఎండాక బుట్ట అడుగున చేరింది ఒకటి. ఆ రెండు ఫోటోలను ఒక స్కూలు టీచర్ తన క్లాసులో చూపించానని మెసేజ్ పెట్టారు.

ధర తేడా గురించి పెట్టిన ఫోటో మాత్రం మొదట చెడింది. హైదరాబాదులో మా అక్క కొన్న కారం ప్యాకెట్ పక్కన మా పట్టీ పెట్టి, కిలో 110 చొప్పున అమ్మాం, మీరెంతకు కొంటున్నారో చూడండి అని రాశాను. కంపెనీ పేరు కనపడకుండా జాగ్రత్తపడ్డాను గానీ, మిగతా జాగ్రత్త తీసుకోలేదు. మాకు ఏళ్లుగా సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి ఫోన్ చేసి, "నన్ను దొంగని చేశావు కదమ్మా" అన్నాడు. ఆయన బాధలో న్యాయముంది. కాయ నుంచి కారం దాకా తొడిమ తీయడం, మర పట్టడం, తరుగు, ప్యాకింగ్, రవాణా, దుకాణదారుడి వాటా ఉంటాయి. అవన్నీ పోయినా తేడా ఎక్కువే అని నా అభిప్రాయం. కానీ ఆ మెట్లన్నీ చెప్పకుండా రెండు అంకెలు పక్కపక్కన పెడితే చూసినవాడికి మధ్యలో ఎవరో ఒకడు దోచుకున్నట్టే అనిపిస్తుంది. పోస్టు తీసేసి, మెట్టు మెట్టుకూ ఒక ఫోటోతో మళ్లీ పెట్టాం. ఆ వ్యాపారే తన దుకాణంలో శాంపిల్ చూసే ఫోటో తీసుకోనిచ్చాడు.

ఫిబ్రవరి నెలాఖరులో కేంద్రం, ధర పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద, ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటా 11,781 రూపాయల ధర ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల దాకా. అది మా ఫోటోల వల్ల వచ్చింది కాదు. అలా అనుకోవడానికి కూడా లేదు. ఆ ప్రకటన వెనక యార్డులో రైతుల ఆందోళన, ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు, చాలా ఉన్నాయి. మేం చేసింది ఒక్కటే. ఆ అంకె పక్కన మా ఖర్చు లెక్క, మా పట్టీ పెట్టి, మా దగ్గర ఎకరానికి ఎంత తక్కువ పడిందో చూపించాం. పేపర్లో వార్త చదివి "ఇక రైతుకు ఫర్వాలేదు" అనుకున్న మా బంధువులు చాలామంది ఆ పోస్టు చూశాక ఫోన్ చేశారు.

మేం చేసిన రెండు పెద్ద తప్పులు

మార్చి మొదట్లో ఒక కౌలు రైతు ఫోటో పెట్టాను. రాత్రంతా కల్లం దగ్గరే కాపలా పడుకుని, పొద్దున కాయ రాశి పక్కన తల మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. "ఫోటో తియ్యనా బాబాయ్?" అంటే తలూపాడు. ఫోటో బాగా వచ్చింది. ధర పడిపోయిందని రెండు మాటలు రాసి పెట్టాను.

మూడో రోజు ఆ ఫోటోను ఎవరో కత్తిరించి, నా మాటలు తీసేసి, అప్పుల బాధతో రైతు ఆత్మహత్య అని రాసి వాట్సాప్‌లో వదిలారు. వేరే మండలంలో ఉన్న ఆయన కూతురికి అత్తగారింట్లో ఎవరో చూపించారు. తండ్రికి ఫోన్ చేస్తే ఆయన కల్లంలో ఉన్నాడు, ఫోన్ ఇంట్లో ఉంది. ఆ అమ్మాయి చంటిబిడ్డనెత్తుకుని రాత్రి బస్సెక్కి ఏడ్చుకుంటూ వచ్చింది. నాన్న గడపలో కూర్చుని కనపడేసరికి కూలబడిపోయింది.

నేను ఆ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన భార్య అంది: "తియ్యనా అని అడిగావు గానీ, ఎవరెవరు చూస్తారో చెప్పలేదు కదమ్మా." ఇప్పటికీ నా చెవిలో ఉన్న మాట అది. ఫోటో తీసేశాం. ఆయన తనంతట తాను ముందుకొచ్చి, "నేను బతికే ఉన్నా, నా కాయ ఇంకా అమ్మలేదు" అని చిన్న వీడియోలో చెప్పాడు. అది కొంతదూరం వెళ్లింది, అబద్ధం వెళ్లినంత దూరం వెళ్లలేదు.

రెండో తప్పు చిన్నదిగా కనపడుతుంది గానీ డబ్బుల్లో పెద్దది. ఒకాయన కల్లం నిండా ఉన్న కాయను పేరుతో సహా పెట్టాం. మర్నాడు పొద్దున్నే ఆయనకు మందులు అరువిచ్చిన దుకాణం మనిషి వచ్చి, "సరుకు ఇంతుంది కదా, ఇంకా ఆగమంటావేంటి" అని కూర్చున్నాడు. ధర పెరుగుతుందేమోనని ఇంకో నెల ఆగుదామనుకున్న మనిషి ఆ వారమే తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చింది. కల్లం ఫోటో అంటే ఆ రైతు బీరువా తెరిచి చూపించినట్టే. పైగా కాయ దొంగతనాలు మా వైపు కొత్త కాదు, అందుకే కదా రాత్రిళ్లు కల్లంలో పడుకునేది. ఏ ఊరు, ఏ కల్లం, ఎంత సరుకు అన్నది ఆ రోజే ప్రపంచానికి చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టాం. ఫోటో తీసే ముందు మూడు ప్రశ్నలు: తియ్యొచ్చా, ముఖం కనపడొచ్చా, ఎక్కడ పెట్టొచ్చు. మూడోదానికి ఊరి గ్రూపులో మాత్రమే, మా పేజీలో, పేపర్లకు కూడా, అని మూడు గడులు. రాసిన మాటలు పెట్టే ముందు ఆ మనిషికి చదివి వినిపిస్తాం. వద్దంటే పెట్టం, పెట్టాక వద్దన్నా తీసేస్తాం. సరుకు కనపడే ఫోటో అమ్మకం అయ్యాకే బయటికి వెళ్తుంది. తేదీ, ధర, ఫోటో సారాంశం బొమ్మ మీదే, మనిషి భుజం దగ్గర పడేలా అచ్చులాగా రాస్తాం. కత్తిరించాలంటే మనిషినే కత్తిరించాలి. తల వంచుకున్న, తల పట్టుకున్న ఫోటోలు మానేశాం. అలాంటి ఫోటో ఏ కథకైనా అతుక్కుంటుంది, అందుకే దొంగిలిస్తారు. పట్టీ పట్టుకుని కెమెరా వైపు చూస్తున్న మనిషి ఫోటోతో అబద్ధం చెప్పడం అంత తేలిక కాదు.

కూలీల వైపు నుంచి

కోతకు మా ఊరికి వచ్చేది ఎక్కువగా కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి. కోసిగి, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాలు కొన్ని నెలలపాటు ఇక్కడే డేరాలు వేసుకుని ఉంటాయి. రైతు పేజీ అంటే రైతు ఫోటోలే అనుకున్నాం మొదట్లో. కానీ కోత కూలి ఖర్చు గురించి రాసి, కోసేవాళ్లను చూపించకపోతే అది సగం లెక్కే.

ఇక్కడ నాకు దారి చూపింది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు. పొలం పనులు చేసుకునే దళిత మహిళలు, చాలామంది బడికి వెళ్లనివాళ్లు, వీడియో కెమెరా నేర్చుకుని తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. కెమెరా కోణాలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఈ సంగతి తెలిసిన రోజు నా ట్రాక్టర్ ఫోటో తీసి మళ్లీ చూశాను. పూర్తిగా పటేల్ షాట్.

అప్పటి నుంచి కల్లంలో కూర్చునే తీశాను, తాలు ఏరేవాళ్ల పక్కన అదే ఎత్తులో. ఒకామె ముఖం చుట్టూ కొంగు కట్టుకుని, "వద్దక్కా, మా పిల్లోని బళ్లో అందరికీ ఫోన్లున్నాయి" అంది. సరే అని ఆమె చేతులు కూడా తీయలేదు. ఇంకొకామె ఒప్పుకుంది. కాయ ఘాటుకు మండే వేళ్లకు నూనె రాసుకుంటున్న చేతులు తీశాం. ఆమె చెప్పిన మాటలే కింద పెట్టాం: రోజుకు ఎన్ని గంటలు కోస్తారు, డేరాలో నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు. ఆ పోస్టు మా గ్రూపులోనే కొంతమంది రైతులకు నచ్చలేదు, మన మీదికే వస్తుంది అన్నారు. వచ్చింది కూడా. నీళ్ల ట్యాంకు ఏర్పాటు చేయమని ఊళ్లో వాళ్లే అడిగారు, చివరికి చేయాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ సీజన్‌లో మా ఫోటోలు సాధించిన మంచి పనుల్లో అదొకటి. పిల్లల ఫోటోలు మాత్రం అసలు తీయలేదు, తీయం.

మందుల గొడవ

"మీరు విషం కొట్టి మాకు పెడతారు" అనే కామెంట్ రాని వారం లేదు. మొదట్లో కోపంతో జవాబులు రాసేవాణ్ణని మా గ్రూపు కుర్రాడు ఒప్పుకున్నాడు, నేనూ అదే చేశాను. మిర్చికి మందులు ఎక్కువ కొడతారన్నది అబద్ధం కాదు. నల్ల తామర పురుగు వచ్చాక ఇంకా పెరిగింది. దాన్ని దాచి పచ్చటి చేల ఫోటోలు పెడితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు.

పిచికారీ ఫోటో ఒకటి పెట్టాం. చూసినవాళ్లు మొదట పట్టింది మా కుర్రాడి చేతులకు తొడుగులు లేకపోవడం. అది నిజం. తొడుగులు, మాస్కులు కొన్నాం. పిచికారీ పుస్తకం ఫోటో పెట్టాం, ఏ మందు ఏ తేదీన కొట్టాం, దానికీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాం అని. రెండు చోట్ల ఆగాల్సినన్ని రోజులు ఆగలేదు, అదీ అలాగే పెట్టాం. నీలి రంగు అట్టకు అంటుకున్న పురుగుల ఫోటో దగ్గరగా తీసి, ఇవి ఒక్క రోజులో పడ్డవి అని రాశాం. తిట్టేవాళ్లు తగ్గారా అంటే, లేదు. కానీ మందులు తగ్గించాలంటే రైతుకు ఏం అడ్డం వస్తోంది అన్న చర్చ మా పేజీలో నెల రోజులు జరిగింది. అందులో రైతులే ఎక్కువ మాట్లాడారు.

ఫోన్‌తో తీసేటప్పుడు

చాలా ఫోన్లు ఎరుపును ఉన్నదానికంటే మెరిపిస్తాయి. మిర్చి విషయంలో అది మోసం చేసినట్టే, ఎందుకంటే రంగు అంటే ధర. తెర మీద కాయ దగ్గర వేలు పెట్టి నొక్కి, వెలుగు గుర్తును కిందికి జరిపి కొంచెం తగ్గిస్తే కాయ ముడతలు కనపడతాయి. మధ్యాహ్నం తీయకండి. తాలు తెల్లదనం ఎండలో కలిసిపోయి మంచి కాయలాగే వస్తుంది. పక్కన ఒక తెల్ల కాగితం ఉంచితే చూసేవాడికి అసలు రంగు అంచనా దొరుకుతుంది. ఫిల్టర్లు వద్దు. కల్లం దుమ్ము లెన్సు మీద పేరుకుంటుంది, ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి. కాయ ముట్టుకున్న చేత్తో తుడిస్తే మరకలు పడతాయి.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి. ఆఫీసర్లకు పంట నష్టం చూపించడానికైతే డాక్యుమెంట్‌గా పంపండి, ఆ వివరాలు ఉంటాయి. బయట పెట్టే ఫోటోలకు చోటు వివరం లేకపోవడమే మేలు. అసలు ఫోటోలు తేదీల వారీగా ఒక చోట దాచుకోవాలి. మా ఫోటో దొంగిలించి అబద్ధం రాసినప్పుడు అసలుది చూపించగలిగాం కాబట్టే కొందరైనా నమ్మారు.

చివరికి చేతికొచ్చింది

ఏప్రిల్‌లో ఆవకాయ రోజులు. ఆ సమయానికి మా పేజీ చూసే విజయవాడ, హైదరాబాదు కుటుంబాలు కొన్ని కాయ పంపగలరా అని అడిగాయి. కారం పట్టి ప్యాకెట్లలో అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, మా దగ్గర లేదు. అందుకే కాయగానే, తాలు ఏరి, తొడిమతోనే పంపాం. ధర ఎలా కట్టామో పట్టీతో సహా ఫోటో పెట్టాం: యార్డు ధర, ఏరుడు కూలి, సంచి, బస్సు పార్శిల్ ఖర్చు, కిలోకు మా లాభం. బేరమాడినవాళ్లు ఒకరిద్దరే. కానీ మొత్తం కలిపితే అమ్మింది ఆరు క్వింటాళ్ల లోపే. మిగిలిందంతా ఎప్పటిలాగే యార్డుకో, ఏసీలకో వెళ్లింది. ఏసీ అంటే మా వైపు కోల్డ్ స్టోరేజి. ఫోటోలతో పంట మొత్తం నేరుగా అమ్ముకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. పదకొండు కుటుంబాల కాయకు నాలుగు పదుల ఇళ్ల ఆవకాయ చాలదు.

పేజీ చూసేవాళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. నాకు దాని మీద బెంగ లేదు. ఎర్ర కల్లం ఫోటోలు రోజుకొకటి పెట్టుంటే పెరిగేదేమో. మారిందల్లా మా రైతులే. మొదట నేను తీస్తే నిలబడేవాళ్లు. మే నెలకు సగం మంది తమ ఫోన్లతో తీసి నాకు పంపడం మొదలుపెట్టారు. వాళ్లు తీసినవి వంకరగా ఉంటాయి, వెలుగు ఎక్కువ తక్కువ ఉంటుంది. అయినా ఏం తీయాలో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వానకు తడిసిన టార్పాలిన్ పట్టా అంచు, చిరిగిన టిక్కీ కుట్టు, కాటా మీద ముల్లు ఆగిన చోటు.

మే మూడో వారంలో బాబాయి చివరి కోత ఏసీలో పెట్టాడు. ఆ రాత్రి వాట్సాప్‌లో ఆయన దగ్గర్నుంచి నాకు మొదటి ఫోటో వచ్చింది. ఏసీ వాళ్లిచ్చిన రసీదు, ఒక మూల ఆయన బొటనవేలు. పేరున్న చోట అగ్గిపెట్టె పెట్టాడు, మేం చేసినట్టే. వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది పెట్టమ్మా. ముప్పై రెండు టిక్కీలని రాయి. తేదీ రాయి. కింద, ఇంకా అమ్మలేదు అని రాయి."

"అమ్మాకే కదా బాబాయ్ సరుకు సంగతి పెట్టేది?"

కాసేపు ఆలోచించాడు. "అయితే ముప్పై రెండు తీసెయ్. ఇంకా అమ్మలేదు అని మాత్రం ఉంచు."